స్వరం ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: రెండేళ్ళుగా బేస్ గిటార్ నేర్చుకుంటున్నాను. టాబ్ (తీగల మీద నొక్కే చోట్లను అంకెలతో రాసిన కాగితం) చూసి ముప్ఫై పాటల దాకా బేస్ లైన్లు నేర్చుకున్నాను. తప్పు స్వరం పడదు, వేగం కూడా అందుతుంది. కానీ రికార్డు చేసుకుని వింటే పాఠం ఒప్పజెప్పినట్టు ఉంటుంది. అదే లైను అసలు పాటలో వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆకట్టుకోవాలని మధ్యమధ్య ఫిల్స్ (ఖాళీల్లో ఇరికించే అదనపు స్వరాలు) వేస్తే మా బ్యాండ్‌లో డ్రమ్మర్ విసుక్కున్నాడు. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) నేర్చుకోవాలా? ఐదు తీగల బేస్ కొనాలా? నేర్చుకున్న లైన్లు వినాలనిపించేలా వాయించడానికి ఏమి చేయాలి?

సమాధానం: మీ ఉత్తరంలో 'పాఠం ఒప్పజెప్పినట్టు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. లోపం ఎక్కడుందో అందులోనే ఉంది. ఒకే పద్యం కంఠతా వచ్చిన ఇద్దరు పిల్లల చేత చదివించండి. ఇద్దరూ అక్షరం పొల్లుపోకుండా చదువుతారు. ఒకరు చదువుతుంటే ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తుంది, ఇంకొకరిని మళ్ళీ చదవమని అడుగుతాం. ఎక్కడ నిలిచారు, ఏ మాటను ఒత్తి పలికారు, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు అన్నదే తేడా. మీకు అక్షరాలు వచ్చేశాయి. చదవడం మిగిలింది.

మామూలుగా దొరికే టాబ్‌లో ఏ తీగ మీద ఏ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కాలో ఉంటుంది. స్వరం ఎప్పుడు మొదలవ్వాలో మీరు పాట విని పట్టుకున్నారు. ఎప్పుడు ఆగాలో టాబ్ చెప్పలేదు, మీరూ అడగలేదు. తర్వాతి స్వరం వచ్చేదాకా ముందు స్వరం మోగుతూనే ఉందన్నమాట. మీ రికార్డింగ్ వినకుండానే ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, టాబ్‌తో నేర్చుకున్నవాళ్ళలో ఇది పదేపదే చూశాను, నేనూ కొన్నేళ్ళు ఇలాగే వాయించాను. అప్పట్లో ఒక పెద్ద డ్రమ్మర్ నాతో అరగంట పాటు ఒకే స్వరం వాయింపించారు. "నా స్నేర్ మీద నీ స్వరం కూర్చుని ఉంది, దాన్ని లేపు" అన్నారు. స్నేర్ అంటే డ్రమ్ సెట్‌లో పుల్లలతో కొట్టే, పదునుగా పలికే డ్రమ్. ఆయన మాట మొదట అర్థం కాలేదు. అర్థమైన రోజు నుంచి నేను వినే తీరే మారిపోయింది.

ఆయన చెప్పింది మీకు వివరంగా చెబుతాను, ఎందుకంటే నా సమాధానంలో ముఖ్యమైన భాగం ఇదే. డ్రమ్ మీద దెబ్బ పడగానే దాని మోత దానంతట అదే తగ్గిపోతుంది. ఎలక్ట్రిక్ బేస్ తీగ అలా కాదు, మీటి వదిలేస్తే కొన్ని సెకన్ల పాటు మోగుతుంది. నిమిషానికి 90 బీట్ల పాటలో ఒక బీటు అంటే సెకనులో మూడింట రెండు వంతులే. అంటే మీరు ఆపకపోతే ఏ స్వరమూ సకాలంలో ఆగదు. బ్యాండ్‌లో అడుగున ఉన్న ఆ నాదం ఎంతసేపు ఉండాలో నిర్ణయించేది మీ చేతులే. రెండో బీటు మీదా నాలుగో బీటు మీదా స్నేర్ పడుతుందనుకుందాం. సరిగ్గా అది పడే క్షణానికి మీ స్వరం ఆగితే, స్నేర్ ఒక్కసారిగా పెద్దదై వినిపిస్తుంది. డ్రమ్మర్ గట్టిగా కొట్టలేదు, మీరు దారి ఇచ్చారు. వినేవాళ్ళకు ఎందుకో తెలియకుండానే తల ఊగుతుంది.

చేసి చూడండి. మీ ఫోనులో 80 వేగానికి ఏదైనా సాదా డ్రమ్ బీటు పెట్టుకోండి. అన్నిటికంటే లావుగా ఉండే ఇ తీగ మీద ఐదో ఫ్రెట్, అంటే ఎ స్వరం, ఒక్కటే తీసుకోండి. బార్‌లో (నాలుగు బీట్ల చుట్టులో) మొదటి బీటు మీద మీటి, రెండో బీటు స్నేర్ పడగానే ఆపండి. మూడో బీటు మీద మళ్ళీ మీటి, నాలుగో బీటుకు ఆపండి. తర్వాత అదే స్వరాన్ని అర బీటుకే ఆపండి. ఆ తర్వాత పావు బీటుకే. ఆ పైన స్నేర్‌ను దాటించి, తర్వాతి స్వరాన్ని తాకేదాకా మోగించండి. మీటే చోటు మారలేదు, స్వరమూ మారలేదు, కానీ నాలుగు వేర్వేరు పాటలు విన్నట్టు ఉంటుంది. మీ డ్రమ్మర్‌తో కూర్చుని ఇది చేయగలిగితే ఫోను కూడా అక్కర్లేదు. ఆయన విసుగు సగం అక్కడే పోతుందని నా నమ్మకం.

ఆపడానికి రెండు మార్గాలు. ఎడమచేతి వేలిని తీగ మీదనే ఉంచి, నొక్కడం మాత్రం సడలించడం ఒకటి. వేలు తీగను పూర్తిగా వదిలేస్తే ఖాళీ తీగ మోగుతుంది, వదలకూడదు. ఇక్కడ ఒక చిక్కుంది: ఐదు, ఏడు, పన్నెండు ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలితో తేలిగ్గా తాకితే గంట మోగినట్టు హార్మోనిక్ పలుకుతుంది. అందుకని పక్క వేలిని కూడా తీగకు ఆనించండి. రెండో మార్గం కుడిచేతిది: తర్వాత మీటవలసిన వేలిని కాస్త ముందుగానే తీగ మీద ఆనిస్తే స్వరం ఆగిపోతుంది. ఖాళీ తీగలకు ఇదే దిక్కు, లేదా ఎడమచేతి వేళ్ళన్నీ తీగల మీద తేలిగ్గా పరచాలి. వాయించని తీగలు కూడా తమంతట తామే గొణుగుతుంటాయి. ఇ కంటే సన్నని తీగలు వాయించేటప్పుడు కుడి బొటనవేలిని ఇ తీగ మీద ఆనించి ఉంచడం అలవాటు చేసుకోండి. మీ రికార్డింగ్‌లో బురదగా అనిపించే చప్పుడు చాలా వరకు అక్కడిదే అయి ఉంటుంది.

పొడవు తర్వాతిది బరువు. మీరు ఇప్పుడు ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో, బహుశా ఉన్న బలమంతా పెట్టి మీటుతున్నారు. మాటల్లో అలా ఎవరూ మాట్లాడరు. ఆంప్లిఫయర్ శబ్దం పెంచి, చేతి బలం సగానికి తగ్గించండి. అప్పుడు ఒక స్వరాన్ని ఒత్తి పలకాలంటే చేతిలో ఇంకా బలం మిగిలి ఉంటుంది. అంతా గట్టిగా వాయిస్తే ఒత్తడానికి ఏమీ మిగలదు. సాధన చేసేటప్పుడు కంప్రెసర్ ఆపేయండి. అది గట్టి స్వరాన్నీ మెత్తని స్వరాన్నీ దగ్గరకు లాగి, మీ చేతి తప్పును మీకు వినపడనివ్వదు.

స్వరమంటూ లేని దెబ్బలు కూడా నేర్చుకోండి. ఎడమచేతి వేళ్ళను తీగ మీద తేలిగ్గా ఉంచి మీటితే 'టక్' అని మాత్రమే వినిపిస్తుంది. దీన్ని ఘోస్ట్ నోట్ అంటారు. ముఖ్యమైన స్వరానికి పావు బీటు ముందు ఇది పడితే, ఆ స్వరం ఎగిరి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. 90 వేగంలో పావు బీటు అంటే సెకనులో ఆరో వంతు, చేతికి సులభంగానే అందుతుంది. కానీ బార్‌కు ఒకటో రెండో చాలు. ఇది వచ్చిన కొత్తలో అందరూ చేసే పని ప్రతి సందులోనూ ఒకటి ఇరికించడం. అప్పుడు లైను మళ్ళీ గొణుగుడులోకి దిగుతుంది.

ఇక్కడ జేమ్స్ జేమర్సన్ గురించి చెప్పకుండా ఉండలేను. 1960ల్లో డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ రికార్డింగుల్లో ఎక్కువ భాగం బేస్ వాయించింది ఆయనే. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే వాడేవారు. సన్నని తీగ నుంచి లావు తీగకు వచ్చేటప్పుడు అదే వేలిని ఈడ్చుకుంటూ తెచ్చేవారు. తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదని పేరు. ఆయన వాడిన ప్రెసిషన్ మోడల్ బేస్‌లో బ్రిడ్జి (తీగల చివరను పట్టి ఉంచే భాగం) మీద మూత, దాని కింద తీగలకు తగిలే స్పాంజి ముక్క ఉండేవి. కాబట్టి స్వరాలు ఎక్కువసేపు మోగేవి కావు, గుండ్రంగా పలికి ఆగిపోయేవి. అదే కాలంలో లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో పిక్‌తో (మీటే చిన్న పలక) వాయించిన బేసిస్ట్ కేరల్ కే తీగల మీద ఫెల్ట్ గుడ్డ ముక్క ఆనించేవారు. పద్ధతులు వేరు, చేతులు వేరు. అయినా స్వరం ఆగే చోటును అదుపులో పెట్టుకోవడానికి ఇద్దరూ ఉపాయం చేసుకున్నారు. మీరూ ఒక చిన్న స్పాంజి ముక్కను బ్రిడ్జి పక్కన తీగల కింద దూర్చి ఒక సాయంత్రం వాయించి చూడండి. ఇంతకాలం మీ స్వరాలు ఎంత పొడవుగా ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. తర్వాత అది తీసేసి, అదే పొట్టి స్వరాన్ని వేళ్ళతో రప్పించండి.

ఇక ఒక చిన్న లైను తీసుకుని చూద్దాం. ఎ మైనర్‌లో ఒక బార్. మొదటి బీటు మీద ఎ. రెండో బీటు దాటాక దాని సగంలో మళ్ళీ ఎ. మూడో బీటు మీద సి. నాలుగో బీటు మీద డి, దాని సగంలో ఇ. టాబ్‌లో ఇది ఇ తీగ మీద 5, 5, 8, ఎ తీగ మీద 5, 7. ఎవరైనా అయిదు నిమిషాల్లో నేర్చుకునేది. ఇప్పుడు మొదటి ఎ స్వరాన్ని స్నేర్ దాకా నిండుగా పట్టి అక్కడ తెంచండి. రెండో ఎ స్వరాన్ని చాలా పొట్టిగా, మెత్తగా తాకి వదిలేయండి. సి మీద కాస్త బరువు వేసి, ఆపకుండా డి లోకి కలిపేయండి. చివరి ఇ పొట్టిగా ఉండి, తర్వాతి బార్ మొదటి బీటుకు ముందు కాస్తంత ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ వల్లనే మళ్ళీ వచ్చే ఎ స్వరానికి విలువ. ఒక్క స్వరం కూడా మార్చలేదు, ఒక్కటి కూడా చేర్చలేదు. మీ పాత పద్ధతిలో ఒకసారి, ఈ పద్ధతిలో ఒకసారి రికార్డు చేసి పక్కపక్కన వినండి.

అదే లైనులో చోటు మార్చడం ఇంకొక మెట్టు. ఆ డి స్వరం మీ బేస్ మీద మూడు చోట్ల దొరుకుతుంది: ఖాళీ డి తీగ, ఎ తీగ ఐదో ఫ్రెట్, ఇ తీగ పదో ఫ్రెట్. శ్రుతి ఒకటే అయినా ఖాళీ తీగ మీద తెరుచుకున్నట్టు మోగుతుంది, లావు తీగ మీద పదో ఫ్రెట్‌లో దళసరిగా, కాస్త మూసుకున్నట్టు పలుకుతుంది. సి నుంచి డి కి ఎ తీగకు మారే బదులు, ఇ తీగ మీదనే ఎనిమిది నుంచి పదికి వేలిని జార్చండి. పాడేవాళ్ళు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గొంతు జార్చినట్టే ఉంటుంది. చివరి ఇ స్వరాన్ని ఎ తీగ ఏడో ఫ్రెట్‌కు బదులు ఖాళీ ఇ తీగ మీద వేసి చూడండి. మొదటిది సుమారు 82 హెర్ట్జ్, రెండోది 41. నేల ఒక్కసారి కిందికి దిగినట్టవుతుంది. పాటలో ఏదో ఒక చోట మాత్రమే చేయండి. ప్రతి బార్‌లోనూ దిగితే దిగినట్టు ఎవరికీ తెలియదు.

కుడిచేయి మీటే చోటు కూడా మీ అధీనంలోనిదే, దాన్ని ఎంత తక్కువ మంది వాడుకుంటారో చూస్తే బాధ కలుగుతుంది. నెక్ దగ్గర మీటితే మూల స్వరం బలంగా, మెత్తగా వస్తుంది. బ్రిడ్జి వైపు జరిగేకొద్దీ పై హార్మోనిక్‌లు ఎక్కువై స్వరం అంచు కట్టినట్టు స్పష్టమవుతుంది. చరణంలో నెక్ వైపు, పల్లవి రాగానే నాలుగు వేళ్ళ దూరం వెనక్కి జరగండి. లైను అదే, పాట మాత్రం మలుపు తిరుగుతుంది.

కాలం సంగతి. బీటుకు ఒక రవ్వ వెనకో ముందో వాయించడం గురించి మీరు వినే ఉంటారు. అది నిజమే, సెకనులో వందో వంతుల తేడాతోనే పాట స్వభావం మారుతుంది. కానీ నడిబొడ్డున కొట్టడం రానివాళ్ళు వెనక వాయిస్తే అది ఆలస్యమే అవుతుంది. ముందుగా ఇది చేయండి: పాట వేగం 90 అయితే మెట్రోనోమ్‌ను 45కు పెట్టి, ఆ టిక్కులు రెండో బీటు, నాలుగో బీటు అనుకుని వాయించండి. ఒకటీ మూడూ మీరే మోయాలి. మొదటి వారం జారిపోతుంది, కంగారు పడకండి. ఆ తర్వాత కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఒక్కదాన్నే వింటూ, మీ స్వరం ఆ దెబ్బలో కలిసిపోయి రెండూ ఒకే చప్పుడుగా వినపడేదాకా వాయించండి. అది కుదిరాక, వెనకకు ఎంత ఒరగాలో మీ డ్రమ్మర్ చేతినిబట్టి మీకే తెలుస్తుంది.

ఫిల్స్ గురించి. డ్రమ్మర్ విసుగు సహేతుకమే అనిపిస్తోంది. లైను ఇంకా నిలబడకముందే నగలు తొడిగారు. స్వరాలు మార్చాలనుకుంటే ముందు ఆ లైను కింద ఏ కార్డ్‌లు (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు) నడుస్తున్నాయో తెలుసుకోండి. ఇది తెలియకుండా వేసే ఫిల్ గుడ్డిగా వేసేదే. పైన చెప్పిన ఎ మైనర్ బార్ తర్వాత డి కార్డ్ వస్తుందనుకుందాం. చివరి ఇ స్థానంలో ఎ తీగ నాలుగో ఫ్రెట్ వేసి, తర్వాతి బార్‌లో ఐదో ఫ్రెట్ మీద డి లోకి అడుగు పెట్టండి. లేదా ఆరో ఫ్రెట్ నుంచి దిగండి. గమ్యానికి అర మెట్టు కిందనో పైననో ఉన్న ఆ ఒక్క స్వరం, ఎనిమిది స్వరాల ఫిల్ కంటే ఎక్కువ పని చేస్తుంది. వినేవాళ్ళు తర్వాతి కార్డ్ కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. ఇంకా పెద్ద ఫిల్ వేయాలనిపిస్తే పాడేవారు ఊపిరి తీసుకునే చోట వేయండి. అక్కడే డ్రమ్మర్ కూడా ఏదో వేయబోతుంటే మీరు ఆగండి. ఇద్దరూ ముందుగా మాట్లాడుకోండి. తీసేయడం కూడా మార్పేనని గుర్తుంచుకోండి: రెండో చరణంలో ఆ పొట్టి ఎ స్వరాన్ని వదిలేసి వాయించి చూడండి.

స్లాప్ నేర్చుకోవాలా అన్నారు. ఇష్టమైతే తప్పకుండా నేర్చుకోండి, కానీ ఈ లోపానికి అది మందు కాదు. దాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన లారీ గ్రహామ్ మొదట తల్లితో కలిసి వాయించేవారు. ఆ బృందంలో డ్రమ్మర్ లేకపోవడంతో కిక్ దెబ్బకు బదులు బొటనవేలితో తీగను కొట్టి, స్నేర్ దెబ్బకు బదులు వేలితో తీగను లాగి వదిలారు. పాటకు ఒక అవసరం ఉంది, దానికి ఆయన చేతులు జవాబు చెప్పాయి. మీ బ్యాండ్‌లో డ్రమ్మర్ ఉన్నాడు, ఆయనకు ప్రస్తుతం మీ నుంచి కావలసింది వేరే.

ఈ నెలకు ముప్ఫై పాటలనూ పక్కన పెట్టి ఒక్కటే తీసుకోండి, మీకు ఒళ్ళు పులకరించిందన్నారే, అది. టాబ్ మూసేయండి. బేస్ ముట్టుకోకుండా ఆ లైనును నోటితో పాడండి. 'డూమ్', 'డుమ్', 'డు', 'టక్' అని, స్వరం పొడవు, బరువు నోట్లోకి వచ్చేదాకా పాడండి. మొహమాట పడకండి, గొంతు బాగుండనక్కర్లేదు. నోటికి రానిది వేళ్ళకు రాదు, వస్తే యంత్రంలాగే వస్తుంది. తర్వాత పాట వేగాన్ని ముప్పావు వంతుకు తగ్గించి, ఒక్కొక్క స్వరం ఎక్కడ ఆగుతోందో మాత్రమే వినండి. మొదలు మీకు తెలుసు, దాన్ని పట్టించుకోవద్దు. ఏది స్నేర్‌కు ఆగింది, ఏది దాటింది, ఏది తర్వాతి స్వరాన్ని తాకింది అని కాగితం మీద గీతలు గీసుకోండి: పొడవైన స్వరానికి పొడవు గీత, పొట్టిదానికి చుక్క. రోజుకు రెండు బార్లు చాలు. మీ వాయిద్యాన్ని రికార్డు చేసి, అలాగే గీతలు గీసి, రెండు కాగితాలనూ పోల్చండి. తేడా కళ్ళకు కనిపిస్తుంది. నెల చివరికి ఆ లైను అసలుదానిలాగే పలికితే, అప్పుడు ఒక స్వరం పొడవును మీ ఇష్టప్రకారం మార్చండి. ఆ క్షణం నుంచి అది మీ లైను.

ఐదు తీగల బేస్ మిగిలింది. అందులో అదనపు తీగ బి, దాదాపు 31 హెర్ట్జ్. ఇ కంటే కిందికి ఐదు స్వరాలు వస్తాయి, మొదటి ఫ్రెట్ల దాకా చేయి సాచకుండా కింది స్వరాలు అందుతాయి. మీరు వాయించే పాటల్లో ఇ కంటే కిందికి దిగేవి ఉంటే కొనడంలో తప్పు లేదు. లేకపోతే ఇప్పుడు వద్దు. అన్నిటికంటే లావైన, అన్నిటికంటే ఎక్కువ గొణిగే తీగను కూడా ఆపడం నేర్చుకోవలసి వస్తుంది. ముందు ఉన్న నాలుగూ మీరు ఆపమన్నప్పుడు ఆగనివ్వండి.